ట్రంకుపెట్టె మూతలో తాతయ్య

“అదే సెప్తన్నానే ఇందాకట్నుంచీ! మూతకంటించిన పేపరు తడిపితే వార్త సిరిగిపోతాది!” అంటూ సీతారామారావు మాస్టారు భార్య అనూరాధ చేతిలోని తడిగుడ్డ లాక్కున్నారు. రిటైరైన దగ్గర్నుంచీ చీపురుపల్లిలో ఎవరింట్లో పాత ట్రంకుపెట్టె కనబడినా భూతద్దం పట్టుకుని అందులోకి తల దూర్చేస్తారాయన. కళింగపట్నం దగ్గర పడవ బోల్తాపడినప్పుడు తన తాతయ్య ఎనిమిదిమందిని ఒడ్డుకి లాగాడన్న వార్త కోసమే ఆ వెతుకులాటంతా. ముప్ఫైయేళ్లు ప్రతి క్లాసులోనూ చెప్పిన కథ అది.

నిన్న అటక మీంచి దింపిన అనూరాధ పుట్టింటి పెట్టెలోనే ఆ వార్త దొరికింది. మాస్టారు చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. ఎనిమిదిమందిని లాగింది చేపలమ్ముకునే జగ్గమ్మ. తాతయ్య ఆ ఎనిమిదిమందిలో ఒకడు.

“పోన్లెండి, ఆవిడ లాగకపోతే మీ నాన్నే లేడు, మీరెక్కడ?” అంది అనూరాధ.

మాస్టారు నవ్వలేదు. ఒకప్పుడు క్లాసులో ఆ కథ చెబుతుంటే, “కాదు సార్, లాగింది మా మామ్మ జగ్గమ్మ” అన్నందుకు దేవేంద్రని పీరియడంతా బెంచీ ఎక్కించి నిలబెట్టారు. ఆ దేవేంద్రకి ఇప్పుడు యాభయ్యేళ్లు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అతని నంబరుంది. ఫోను తీసి, ముందేమనాలో మాస్టారు అనుకుని చూసుకున్నారు:

“ఒరే దేవేంద్రా, ఇంక బెంచీ దిగరా.”