పాడైన కాగితం మీది మాట

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె తన భర్త నోరు మూతపడటం చూడలేదు. బస్సు కండక్టరు. జనం ఎక్కేటప్పుడొక సామెత, దిగేటప్పుడొక సామెత. అలాంటి మనిషికి ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే కుడిచెయ్యి, మాట ఒక్కసారే పడిపోయాయి.

నాలుగు నెలలకు చెయ్యి కాస్త కదిలింది. మాట మాత్రం రాలేదు. ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ కప్పు బొమ్మ చూపిస్తే, "అది... అది..." అని చెమటలు కక్కి, చివరికి మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

ఆమెది బైండింగు షాపులో పని. అచ్చయి వచ్చిన కాగితాలు మడిచి, వరుస చూసి, దారంతో కుట్టాలి. ఆ వారం పిల్లల పొడుపు పుస్తకమొకటి వచ్చింది; ఒక్కో గడిలో మాటలు పేర్చిన తీరు చూసి నుడికారం చెప్పాలి. సిరా అలుక్కుపోయి పాడైన కాగితాలు అలమరలో పరుద్దామని ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టి, కూరలు తరుగుతోంది.

"ముక్కు మీద కోపం."

పక్కింటివాళ్ళెవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. భర్త వేలు కాగితంలో ఒక గడి మీద ఉంది. ఆ గడిలో కింద 'ముక్కు', దాని నెత్తిన 'కోపం'. అంతే.

"ఏమండీ! మీరేనా? మళ్ళీ అనండి."

అతనికే నమ్మకం లేదు. పెదాలు తడుముకున్నాడు. పక్క గడిలో 'గా'కీ 'లి'కీ మధ్య 'దీపం' ఇరికించి ఉంది.

"గాలిలో దీపం."

ఆ పక్కన 'తల' బోర్లా పడి ఉంది.

"తలకిందులు."

ఏడు గళ్ళుంటే ఏడూ చెప్పేశాడు. ఆమె అతని ఎదురుగా కూచుంది. తన ముక్కు పట్టుకుని అడిగింది, "మరి ఇదేంటి?"

"అది... అది..."

మర్నాడు ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. విన్న డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "విడిమాట దొరకని వాళ్ళకి కూడా నాలిక మీద నానిన పలుకుబడి ఒక్కోసారి మొత్తంగా వచ్చేస్తుందమ్మా. చదువుకున్నాను గానీ, కళ్ళారా చూడటం ఇదే మొదలు."

ఇక రోజూ అదే పని. గడిలో 'కోపం' కనబడకుండా ఆమె బొటనవేలు పెట్టేది, అతను "ముక్కు మీద" దాకా వచ్చి ఆగేవాడు. మూడు వారాలకు, ఆమె తన ముక్కు పట్టుకుని అడిగితే, "ముక్కు" ఒక్కటే విడివడి వచ్చింది. ఆ రోజు ఇద్దరూ పిల్లల్లా ఏడ్చారు.

ఒక మధ్యాహ్నం అతనే ఎడమచేత్తో పొడుపు వేశాడు. కన్ను గీసి, రెప్ప ఉండాల్సిన చోట 'నువ్వు' అని రాశాడు.

"ఏంటి, నేను మీ కంట్లో నలుసునా?"

తల అడ్డంగా ఊపి, ఆమె కంటిరెప్పను వేలితో తాకాడు. "కంటికి రెప్ప."

ఆమె ఏదో అనబోయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అతను కాసేపు చూసి నవ్వాడు. "నోట్లో నాలుక లేదా?"

ఆ మాట ఏ కాగితం మీదా లేదు.

తర్వాత డాక్టరమ్మ ఈ పద్ధతే ఇంకో ఇద్దరికి పెట్టి చూసింది. ఒకామెకు పనిచేసింది, ఒకాయనకు చెయ్యలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. షాపులో ఎవరి నోటనైనా మామూలుగా ఒక నుడికారం దొర్లితే, ఆమె ఇప్పటికీ సూది ఆపి, అది పూర్తయ్యేదాకా వింటుంది.