సాలోమి మందారం

నెల్లిమర్ల క్రైస్తవుల సమాధుల తోటలో కత్తెర పట్టేది ఇస్సాకు ఒక్కడే. జనవరి ఆఖరికి చలి విరగగానే ప్రతి మందారాన్నీ మోకాలెత్తుకు కోసేస్తాడు. బయటివైపు తిరిగిన చిగురు కన్నుకు కాస్త పైన, వాలుగా, ఒకే కోత.

"ఏటి మావా, అంతలా నరికీసినావు?" అని ఎవరైనా బాధపడితే కసురుకుంటాడు.

"కొత్త సిగురుకే మొగ్గేస్తాది. జాలిపడితే ఆకులు సూసుకోవాల!"

ఆయన మాట పొల్లుపోదు. ఈస్టర్ తెల్లవారుజామున జనం కొవ్వొత్తులతో వచ్చేసరికి సమాధుల చుట్టూ ఎర్రగా విరగబూసి ఉంటాయి.

రెండేళ్ళ కిందట ఆయన భార్య సాలోమి పోయింది. ఇంటి గుమ్మం పక్కన ఆమె పెంచిన మందారాన్ని వేళ్ళతో సహా తెచ్చి, ఆమె సమాధికి తలవైపు నాటాడు.

ఈ ఈస్టరుకీ తోటంతా పూసింది. సాలోమి చెట్టు మాత్రం బోసి కాడలతో మనిషెత్తు దాటిపోయింది. పూసిన రెండు పువ్వులూ ఎవరి చేతికీ అందని కొసన ఉన్నాయి. కింద సమాధి మీద ఒక్క రేకైనా లేదు.

పాస్టరమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "అందరి చెట్లూ కోస్తావు. మీ ఆవిడది మరిచిపోయావా ఇస్సాకూ?"

"మర్సిపోనేదమ్మా. కత్తెరట్టుకుని మూడుసార్లు ఒచ్చినాను." ఆయన వంగి చెట్టు మొదలు నిమిరాడు. "ఈ పైదంతా సాలోమి పోయాక పెరిగిందమ్మా. ఈ కింద కాడ, నడుందాకా, దాని సేతి నీళ్ళతో పెరిగింది. మోకాలెత్తున కొయ్యాలంటే ఈ కాడనే కొయ్యాల."