నలుగురి కుండ

ఈ రోజు మా నందిగామ టీచర్లందరం బస్సు మాట్లాడుకుని జగ్గయ్యపేట చూడటానికి వెళ్లాం. మా ఆయన పోయాక నేను ఊరు దాటడం ఇదే మొదటిసారి. మిగతావాళ్లంతా కుటుంబాలతో వచ్చారు. నా పక్క సీటు ఖాళీగా ఉందని అందరి క్యారియర్లూ అక్కడే పెట్టారు.

అన్నీ చూపించే బాధ్యత మా చరిత్ర మాస్టారిది. ముందు గుట్ట మీది బౌద్ధ స్తూపానికి తీసుకెళ్లారు. చెక్కిన పలకలు ఎప్పుడో మద్రాసు మ్యూజియానికి వెళ్లిపోయాయట, ఇటుకలే మిగిలాయి. తర్వాత చర్చిలో రంగుటద్దాలు, పూలు చెక్కిన పీఠం చూశాం. చివరి బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను.

ఆఖరికి కుమ్మరివాళ్ల ఇంటికి వెళ్లాం. సారె మీద కుండ లేవడం చూశాక, అన్నం వండుకోవడానికి చిన్న కుండ ఒకటి ఇమ్మని కుమ్మరి భార్యను అడిగాను.

"ఇంట్లో ఎంతమందండి?" అంది.

"ఒక్కదాన్నే."

ఆవిడ చిన్నది పక్కన పెట్టేసి, నలుగురికి సరిపడే కుండ నా చేతికిచ్చింది.

"ఇది తీసుకెళ్లండి అమ్మగారూ. ఎవరన్నా వస్తే అన్నం చాలొద్దా?"

రెండేళ్లుగా మా ఇంటికి భోజనానికి ఎవరూ రాలేదు. అయినా డబ్బులిచ్చి ఆ కుండే తీసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా కుండను ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఇప్పుడది నీళ్లలో నానుతోంది. ఆదివారం దాని నిండా వండుతున్నాను. పప్పుచారు నాకు బాగానే కుదురుతుంది. ఇది చదువుతున్న మీలో ఎవరొస్తారో చెప్పండి. ఎవరూ రాకపోతే బుధవారం దాకా నేను చద్దన్నమే తినాలి.