కోత పండుగకు ఇచ్చిన మేక

మా సంఘపెద్ద నన్ను నవ్వులపాలు చేసిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కోత పండుగకు అందరం పంటలో కొంత చర్చికి తెస్తాం, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. నిరుడు నేను రెండు గుమ్మడికాయలు తెచ్చాను. ఆయన మైకులో, "బండి మీద వచ్చినోడు గుమ్మడికాయలు తెచ్చిండు. దేవుడు కూర వండుకోవాల్నా?" అన్నాడు. నా భార్య కూడా నవ్వింది.

ఈ ఏడు పంతం పట్టి లక్సెట్టిపేట అంగడిలో ఆడమేకను కొన్నాను. పండుగ నాలుగు రోజులుందనగా అది మేత మానేసింది. ముక్కు కారింది, విరేచనాలై పారుకుంది. పశువుల దవాఖానలో డాక్టరు దాని నోరు తెరిచి చిగుళ్ల మీది పుండ్లు చూపించాడు.

"పారుడు రోగం లెక్కున్నది. మందకంత అంటుతది. నెల దాక విడిగ కట్టెయ్. ఎవ్వలకు ఇయ్యకు."

"గంత తెల్వదా సార్?" అన్నాను. నాకు చెప్పాలా అని అప్పుడు కోపం కూడా వచ్చింది.

సూదులు పడ్డాక జ్వరం దిగింది. ఆదివారం లేచి నిలబడింది. తువ్వాలతో ముక్కు తుడిచి చర్చికి తోలుకుపోయాను. సంఘపెద్ద మైకులో నన్ను మెచ్చుకున్నాడు. ఎవరో ఒకరు కోసుకోవడానికే కొంటారని నాకు నేను చెప్పుకున్నాను. కానీ మా వాడకట్టులో ఐదు మేకలు మేపుకొని బతికే ఒంటరి ఆడమనిషి దాన్ని వేలంలో పాడుకుంది.

"దేవునికిచ్చిన మేక. కొయ్యనియ్య, సాదుకుంట," అంది.

చప్పట్లు కొడుతున్నారు. నేను నోరు మెదపలేదు.

పదిరోజులకు ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. "తమ్మీ, మేకలు ఒక్కొక్కటే పారుకుంటున్నయ్. నీకెరుకైన డాక్టరుసారును జర తోల్కరా."

తీసుకెళ్లాను. డాక్టరు అన్నిటినీ చూసి, చివరికి నా మేక దగ్గర ఆగాడు. గుర్తుపట్టాడు.

"ఇది ఎక్కడిదమ్మా?"

"దేవునిది సార్."

ఆయన నా వైపు చూశాడు. చెడామడా తిట్టినా బాగుండేది, ఎదురు తిరిగేవాణ్ని.

"నాదే అక్కా," అన్నాను. "రోగమున్నదని సారు ముందే చెప్పిండు."

ఆమె మేకలనే చూస్తూ అంది: "చర్చిల అందరి ముందట సిగ్గయితే, ఇంటికొచ్చి చెప్పకపోయినవా? గా ఒక్కదాన్ని వేరే కట్టేసుకుందును."

ఇంకా నలతపడని వాటిని మా కొట్టంలో కడతానన్నాను. "నీ కొట్టంల వద్దు, రోగం ఆడికెల్లే వచ్చింది," అన్నాడు డాక్టరు.

నాలుగు రోజుల్లో మూడు చచ్చాయి. చెలక గట్టున గొయ్యి నేనే తవ్వాను, సున్నం చల్లాను. మూడో దాని మీద మట్టి కప్పుతుంటే ఆమె గ్లాసులో చాయ్ తెచ్చి గట్టు మీద పెట్టి, "చల్లారుతది, తాగు," అని వెళ్లిపోయింది.

చాలాసేపు దాన్ని ముట్టలేకపోయాను.