మావయ్య ఇంట్లో ఉంటేనే కథ

నిన్న కాలేజీ లైబ్రరీలో, మబ్బుల మీద పడవ నడుపుకుంటూ తన ఊరు వెతుక్కునే పిల్ల గురించిన నవల కనిపించింది. తెరవగానే పాత కాగితం వాసన. దాని వెంటే అమ్మమ్మ ఇంటి అరుగు, తాటాకు విసనకర్ర, వేళ్ళకు అంటుకున్న ముంజె నీళ్ళు గుర్తొచ్చాయి.

మీ ఇళ్ళలోనూ అనేవారా, పగలు కథ చెబితే మేనమామ దారి తప్పుతాడని? మా మావయ్య లారీ డ్రైవరు, ఎప్పుడూ దారిలోనే ఉండేవాడు. అందుకే వేసవి సెలవుల్లో పగలు నేను కథలు పైకి చదివితే అమ్మమ్మ ఊరుకునేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం మావయ్య ఆమదాలవలసలో ధాన్యం దించి ఇంటికొచ్చాడు. అమ్మమ్మే ఆ పడవ పిల్ల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మీ మావ ఇంట్లోనే ఉన్నాడు కదే, ఇప్పుడు సదువు."

"పిల్లల కథ నాకేటే?" అని నవ్విన మావయ్య, కాసేపటికి మంచం అరుగు దగ్గరికి లాక్కున్నాడు. ఓనరు ఫోన్ చేస్తే, "టైరు పంచరయిపోనాది" అని అబద్ధమాడాడు. చివరి అధ్యాయం మిగిలి ఉండగా మళ్ళీ ఫోను. ఇక వెళ్ళక తప్పలేదు.

"ఆ పిల్లకి ఊరు దొరుకుతాదంటావేటే?" అని అడిగి లారీ ఎక్కాడు.

అతను తిరిగొచ్చేలోపు నా సెలవులు అయిపోయాయి. అరువు తెచ్చిన పుస్తకం ఎవరిదో వాళ్ళకి వెళ్ళిపోయింది.

నిన్న లైబ్రరీ మెట్ల మీద నుంచే మావయ్యకి ఫోన్ చేశాను. టోల్‌గేటు దగ్గర ఆగి ఉన్నాడట.

"మావా, ఆ పడవ పిల్ల పుస్తకం దొరికింది. ఆఖరి అధ్యాయం చదవనా?"

హారన్ల మధ్య నుంచి గట్టిగా అన్నాడు.

"వద్దే అమ్మా. పగలు కదా, నానింకా దారిలోనే ఉన్నాను. ఇంటికొచ్చేక సదువు."