ఒంటికి పట్టని బరువు

మా మామగారికి ఇద్దరు కూతుళ్ళున్నారని పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు. చిన్నమ్మాయిని నాకిచ్చి చేశారు. పెద్దమ్మాయికి నాలుగు కాళ్ళు, ఒక తోక, మెడమీద నలభై మూడు అని కాల్చి వేసిన అంకె. "మా నాన్న నా పేరైనా మర్చిపోతారేమో గానీ దాని మేత వేళ మర్చిపోరు" అని మా ఆవిడ మొదటి వారంలోనే చెప్పింది. నవ్వుతూనే చెప్పింది కానీ అదంతా నవ్వు కాదని నాకు తర్వాత తెలిసింది.

మామగారూ నేనూ పనిచేసింది పాముకాటుకు మందు తయారుచేసే చోట. గుర్రానికి విషాన్ని చుక్క చుక్కగా, చావనంత మోతాదులో అలవాటు చేస్తారు. దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. నెలకోసారి మెడనరంలో సూది దించి ఆరు సీసాలు, అంటే ఆరు లీటర్లు తీస్తారు. మూడు పాకల్లో కలిపి అరవై గుర్రాలుండేవి. మూడో పాక వయసు మళ్ళినవాటిది, దానికి మామగారే పెద్ద దిక్కు. నేను రక్తం తీసే గదిలో పనిచేసేవాణ్ణి. ఆయన మేపి ఎక్కించిన కండను నేను సీసాల్లోకి దించేవాణ్ణన్నమాట. ఆ మాట ఒకసారి వేళాకోళంగా ఆయనతోనే అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ముక్కుమీద కోపం ఆయనకి. మూడో రోజు పళ్ళెం ముందు కూర్చుని, "రక్తం పోతే నెలలో పడుతుంది అల్లుడూ. లారీ ఎక్కితే మళ్ళీ దిగదు" అన్నారు.

లారీ సంగతి చెప్పాలి. మా దగ్గర మూడువందల యాభై కిలోలు గీత. అంతకు తక్కువ తూగిన గుర్రం దగ్గర ఆ నెల రక్తం తీయరు. వరసగా రెండు నెలలు తక్కువ తూగితే దాని అంకె బోర్డు మీంచి చెరిపేస్తారు, వెనక గేటు దగ్గరికి లారీ వస్తుంది. ఎక్కడికి తీసుకెళ్తారని ఎవరూ అడిగేవారు కాదు. నేనూ అడగలేదు, నాకేదో పెద్ద మనసున్నట్టు ఇప్పుడు చెప్పుకోవడం ఎందుకు.

పెద్దమ్మాయికి ఇరవై రెండేళ్ళు. ఆ వయసుకి మా పాకల్లో మిగిలిన గుర్రం లేదు. దాన్ని మిగిల్చింది మామగారి చేతులు. నమిలే పళ్ళు అరిగిపోవడం వల్ల ఎండుగడ్డిని నోట్లో తిప్పి తిప్పి ఉండలు చుట్టి కింద పడేసేది. ఆ ఉండలు ఏరి నాకు చూపించి, ఇది తినడం కాదు, తిన్నట్టు నటించడం అనేవారు. గడ్డిని వేలి కణుపంత ముక్కలుగా కోసి నానబెట్టేవారు. తవుడు, ఉడికించిన బార్లీ, అవిసె గింజల జావ, అందులో గరిటెడు నూనె. ఒక్కసారే గుమ్మరిస్తే ఒంటికి పట్టదని రోజుకి ఐదు పూటలు, కొంచెం కొంచెంగా. పక్క కొట్టంలో ఒక కుర్ర గుర్రం మెడ చాచి దొంగతిండి తినేది. దానికి అందకుండా నడుమ పలక కొట్టించి, పెద్దమ్మాయి తొట్టి నాకేదాకా ఎదురుగా బోర్లించిన బకెట్ మీద కూర్చునేవారు. చలిలో నీళ్ళు గోరువెచ్చగా చేసి పెట్టేవారు, చల్లగా ఉంటే తాగదని. ఇంట్లో మాత్రం ఆయన భోజనం నిలబడి తిన్నట్టుండేది. "దానికి ఐదు పూటలు, మీకు ఒకటిన్నర" అని మా ఆవిడ సాధించేది. అత్తగారు పోయాక ఆయన్ని సాధించేందుకు మిగిలింది తనొక్కతే.

కాటా అంటే ఆయనకి చులకన. కళ్ళు మూసుకుని గుర్రం పక్కటెముకల మీద, వెన్ను మీద, తోక మొదట్లో అరచెయ్యి ఆనించి బరువు చెప్పేవారు. చెప్పినదానికీ కాటా ముల్లుకీ నాలుగైదు కిలోలకు మించి తేడా ఉండేది కాదు. నాకూ నేర్పాలని చూశారు. పొట్ట చూసి మోసపోకు, గడ్డి తిన్న పొట్ట ఎవరికైనా ఉబ్బుతుంది, వెన్ను తడుము అనేవారు. నాకు పట్టుబడలేదు. సూది దించడానికి నరం దొరికితే చాలు నాకు. తూకం రోజున గుర్రాల్ని చూసే డాక్టరమ్మ కూడా గుర్రాన్ని కాటా ఎక్కించే ముందు, "మీ చెయ్యి ఏమంటోందండీ?" అని సరదాగా అడిగేది. కొత్తగా వచ్చిన మనిషి, చెడ్డది కాదు. నిజానికి ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉంటే నాకు ఎంతో తేలికగా ఉండేది.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా పెద్దమ్మాయికి వెనక పన్ను ఒకటి విరిగింది. ఆ నెల తూకంలో ముల్లు మూడువందల నలభై దగ్గర ఆగింది. మామగారు ముందే ఆ అంకె చెప్పారు. డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, విరిగిన ముక్క తీసి, మిగతా పళ్ళ మొనలు ఆకురాయితో నున్నగా రాసింది. ఇక తింటుంది, కానీ తిన్నది ఒళ్ళు చేయడానికి రెండు నెలలైనా పడుతుంది అంది. నెల తర్వాత తూకంలో తప్పితే బోర్డు మీద అంకె ఉండదని ఆవిడా అనలేదు, ఈయనా అడగలేదు.

ఆ నెలంతా ఐదు పూటలు ఏడయ్యాయి. గడ్డి ఉండలు పడటం నిజంగానే తగ్గింది. తొట్టి ఖాళీ అవుతోంది, పేడ బాగుంది, కళ్ళలో తేటదనం వచ్చింది. కండ మాత్రం రాలేదు. పైగా పన్ను బాధపెట్టిన రోజుల్లో కరిగిన కండ అప్పుడే పైకి కనిపించడం మొదలైంది. తూకానికి రెండు రోజుల ముందు ఆయన వెన్ను తడిమి చెయ్యి తీసేసుకోవడం చూశాను. ఎంత అని అడిగాను. "మూడువందల ఇరవై" అని చెప్పి, "దీనికి ఒక్క నెల కావాలి, అంతే" అన్నారు. ఆ ఒక్క నెల ఇచ్చేవాళ్ళెవరూ లేరు.

తూకం రోజు పొద్దున నేను మూడో పాకకి వెళ్ళేసరికి పెద్దమ్మాయి నీళ్ళు తాగుతోంది. గుర్రం నీళ్ళు తాగడంలో వింతేముంది, కానీ అది మూడో బకెట్. తవుడు తొట్టి అంచున తెల్లగా చార కట్టి ఉంది. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు.

"బాగా దాహంగా ఉన్నట్టుంది" అన్నాను.

"ఎండలు కదా" అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. పాక రేకుల మీద వాన దంచుతోంది.

బకెట్‌కి పది కిలోలు. అంత లెక్క నాకూ వచ్చు. నీళ్ళు కండ కాదని, కాటాని మోసం చేయొచ్చు గానీ వెన్నుని చేయలేమని నాకు నేర్పబోయిన మనిషి చేసిన పని అది. ఆయనే దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పారు. తూకానికీ రక్తం తీసే రోజుకీ మధ్య ఎప్పుడూ వారం ఉంటుంది. ఆ వారంలోనే ఒక్కోదానికి రక్తపరీక్ష చేస్తారు. ఈలోగా ఇది కుంటుతోందని రాయిస్తారట, కుంటే గుర్రం దగ్గర రక్తం తీయరు. అలా తూకంలో గట్టెక్కుతుంది, సూదీ తప్పుతుంది, కావలసిన నెల చేతికొస్తుంది. వింటుంటే నాకూ సబబుగానే తోచింది. పోనీలే, ఎవరి సొమ్ము పోయిందనుకున్నాను.

"మీ చెయ్యి ఏమంటోందండీ?" అంది డాక్టరమ్మ కాటా దగ్గర.

ఆయన వెన్ను మీద చెయ్యి వేశారు. "మూడువందల యాభై పైనే ఉంటుందమ్మా."

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆ చెయ్యి ఆడిన మొదటి అబద్ధం అది. ముల్లు మూడువందల యాభై రెండు దగ్గర నిలబడింది. డాక్టరమ్మ సంతోషించి, పెద్దమ్మాయిని అటూ ఇటూ నడిపించి చూసి, భలే దర్జాగా నడుస్తోందే అని మెచ్చుకుంది.

పదకొండింటికి పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వరదల్లో పుట్టలు మునిగి పాములు ఇళ్ళలోకి చేరాయి. ఆసుపత్రుల్లో మందు నిండుకుంది. వారం ఆగడానికి వీల్లేదు, తూకంలో నెగ్గినవాటన్నిటి దగ్గరా ఇవాళే రక్తం తీయాలి. డాక్టరమ్మ ఆ మాట ఆవరణలో అందరికీ చెప్పి, జ్వరం, కుంటు ఉన్నవి ఏమైనా ఉన్నాయా అని అడిగింది. మామగారి నోరు తెరుచుకుంది. గంట క్రితమే దాని నడక అందరూ చూశారు. మళ్ళీ మూసుకున్నారు. ఇప్పుడు నిజం చెబితే ఆయన ఉద్యోగం సంగతి దేవుడెరుగు, పెద్దమ్మాయికి లారీ ఖాయం. చెప్పకపోతే బతికే వీలు కాస్తైనా ఉంది. ఆయన అలా అనుకున్నారని నేననుకుంటున్నాను.

నా గదిలోకి తీసుకొచ్చింది ఆయనే. ఎప్పటిలాగే తల పట్టుకుని, సూది కనిపించకుండా ఒక చెయ్యి దాని కంటికి అడ్డుపెట్టారు. నేను నరం వెతికి సూది దించాను. మొదటి సీసా నిండింది, రెండోది నిండింది. మూడో సీసాకి ధార పలచబడింది. నేను మామగారి మొహంలోకి చూశాను. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. నాలుగో సీసాకి దాని కింది పెదవి వేలాడింది, చిగుళ్ళు తెల్లబడ్డాయి. అక్కడ గొట్టం నొక్కేసి, నరం మూసుకుపోయిందమ్మా, ఇక రాదు అని డాక్టరమ్మకి చెబితే సరిపోయేది. నెలకి రెండు మూడు గుర్రాలకి అలా జరిగేదే, ఎవరూ ఎందుకని అడగరు. నా వేళ్ళు గొట్టం మీదే ఉన్నాయి. ఐదో సీసా మార్చాను. మళ్ళీ ఆయన వైపు చూశాను. ఆరోది కూడా నిండింది.

పాక దాకా నడిచింది. గుమ్మంలో ముందుకాళ్ళు మడతపడి కూలిపోయింది. పడినప్పుడు దాని కడుపులో నీళ్ళు కదిలిన చప్పుడు నాకు వినిపించింది. డాక్టరమ్మ పరుగున వచ్చి సెలైన్ పెట్టింది, సూదిమందు వేసింది, చెయ్యగలిగినదంతా చేసింది. ఆయన దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం టీ వేళకి అయిపోయింది. ముసలి గుండె ఆగిందని డాక్టరమ్మ రాసింది. "మీరు చూసుకోబట్టి ఇన్నేళ్ళు బతికింది" అని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ ఓదార్పుకి ఆయన ఎలా కుంచించుకుపోయారో నాకొక్కడికే తెలుసు.

తర్వాత ఆయన గడ్డి గోదాముకి మార్పించుకున్నారు. మళ్ళీ ఏ గుర్రం మీదా చెయ్యి వెయ్యలేదు. ఇంట్లో మాట తగ్గింది. నాన్న పెద్దమ్మాయి బెంగ పెట్టుకున్నారని మా ఆవిడ ఆయన పళ్ళెంలో ఇంకో ముద్ద ఎక్కువ వేసేది. తినేవారు కాదు. నాతో పొడి పొడిగా, అవసరమైనంతే.

రెండు నెలలు పోయాక ఒక సెలవురోజు మధ్యాహ్నం ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఉన్నట్టుండి అడిగారు.

"ఉప్పు సంగతి నీకు తెలుసు. నాలుగో సీసా దగ్గర ఎందుకు ఆపలేదు?"

ఈ ప్రశ్న కోసం రెండు నెలలుగా జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. దొరికింది ఒక్కటే. "మీరు ఆపమంటారని చూశాను మామయ్యా."

ఆయన తన అరచేతులు చూసుకున్నారు.

"నేనూ అంతే అల్లుడూ. నువ్వే ఆపేస్తావనుకున్నా."

మా ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఇన్నాళ్ళకి మేమిద్దరం మాట్లాడుకుంటున్నందుకు తన మొహం వెలిగిపోయింది. ఏమిటి మామా అల్లుళ్ళు అంతగా చెప్పుకుంటున్నారు అని అడిగింది.

"ఏం లేదు" అన్నాం, ఇద్దరం ఒక్కసారే.