ఎడమ చెంప మీది చెయ్యి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కొంచెం లేకపోవడం కాదు, నిండుగా లేదు. పెళ్లయిన కొత్తలో శ్మశానం గోడకి ఆనుకున్న వాటాలో రెండేళ్లు కాపరం చేసి, నా గురకకి తట్టుకోలేక దయ్యాలే ఖాళీ చేసి పోయాయని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకుంటాను. నేనేది చెప్పినా పెంచి చెబుతాను. అందుకే మా ఆవిడ సరళ నా మాటల్ని పదితో భాగించి వింటుంది. ఇది మాత్రం భాగించక్కర్లేదు.

ఎనభైల్లో మేం అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో నేనూ మోహన్రావూ టెస్ట్ ఇంజినీర్లం. మా పని చలితో. కల్యాణమండపమంత ఫ్రీజర్ ఉండేది. అందులో కారుని మైనస్ ముప్పైలో ఉంచి, స్టార్ట్ అవుతుందో లేదో చూడాలి.

ఆ గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదని రూలు. చలికి చర్మం చచ్చేటప్పుడు నొప్పి తెలీదు. పైగా హాయిగా ఉంటుంది. ఎవరి మొహం తెల్లబడుతున్నా వాళ్లకి కనపడదు, ఎదుటివాడు చూసి చెప్పాలి. తెల్లమచ్చ కనిపిస్తే గ్లవ్ తీసి, వెచ్చటి అరచెయ్యి దానిమీద ఆనించాలి. రుద్దకూడదు. ఊరికే ఆనించి ఉంచాలి.

ఒకరోజు ఆ గదిలో మోహన్రావు, "ఒరే రాఘవా, నా మొహం ఎలా ఉందిరా?" అన్నాడు. ఇంజన్ మీద వంగి ఉన్న నేను తలెత్తలేదు. "పెళ్లిచూపులకి పనికొస్తావులే" అన్నాను. అతను నవ్వాడు. పావుగంట తర్వాత బయటికొచ్చేసరికి అతని కుడిచెవి అంచు మైనంలా ఉంది. అది నల్లబడి, చివరికి గోరంత ముక్క ఊడిపోయింది.

మోహన్రావు పైవాళ్లకి ఏమీ చెప్పలేదు. నాతో మాట్లాడటం మానేశాడు, అంతే. షిఫ్ట్ మార్పించుకున్నాడు. క్షమాపణ చెప్పడానికి నాలుగుసార్లు వాళ్లింటికి వెళ్లాను. నా నోటికి మామూలు మాట రాదు కదా, ఓసారి "నీ చెవికి గుడి కట్టిస్తాను" అన్నాను. తలుపు వేసేశాడు.

మూడేళ్లు గడిచాయి. తొమ్మిదేళ్ల స్నేహం అలా ఆగిపోయింది. మనవాళ్లు తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో అతను హాల్లో ఉంటే నేను బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. జోకులు వేస్తూనే ఉన్నాను కానీ, వేసేది నోరే. లోపల ఏదీ అంటడం లేదు.

ఆ మూడో ఫిబ్రవరిలో కంపెనీ నన్ను జపాన్ పంపింది. ఉత్తరాన హొక్కయిడో, అక్కడ సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊరు. మాతో కలిసి పనిచేసే అక్కడి కంపెనీకి ఊరి బయట టెస్ట్ ట్రాక్ ఉంది. మిషిగన్ చలి తిన్నవాణ్ణి, నాకేంటని వెళ్లాను. ఆ ఊరి చలి ముందు మా మిషిగన్ కొబ్బరితోట.

ఆదివారం సెలవు. నాకు తోడుగా ఉన్న కుర్ర ఇంజినీరు సాతోకి జలుబు చేసింది. ఊళ్లో చూడాల్సినవన్నీ కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చి, నన్ను బస్సెక్కించాడు.

మొదటిది బెస్తవాళ్ల మ్యూజియం. బూట్లు విప్పి వాళ్ల చెప్పులు వేసుకోవాలి. అవి నా పాదాల్లో సగానికే వచ్చాయి. వలలు, సీల్ అనే సముద్రజంతువు తోలు బూట్లు, ఏనుగుని ఉడికించేంత చేపనూనె బాన చూశాను. హాలంతా ఐసుగడ్డ. ఉన్న ఒక్క కిరోసిన్ స్టవ్వూ టికెట్లిచ్చే పెద్దావిడ కాళ్ల దగ్గరుంది.

రెండోచోట సముద్రం మీద తేలివచ్చే మంచుగడ్డల్ని ఓ చలిగదిలో దాచి చూపిస్తారు. చేతికి తడి తువ్వాలు ఇచ్చి, లోపలికెళ్లి ఊపమంటారు. నాలుగు ఊపులకి అది అప్పడంలా బిగిసిపోతుంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నేనూ ఊపాను. బిగిసింది. సరే అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

అక్కణ్ణించి మళ్లీ మొదటి మ్యూజియం దగ్గరికి వచ్చి, దాని వెనక దారిలో లైట్‌హౌస్ దగ్గరికి నడిచాను. మధ్యాహ్నం రెండు దాటింది. మంచి వెలుతురు. ఓ కొండకొస, చివర ఇనుప రెయిలింగ్. దాని అవతల నిట్టనిలువుగా లోయ, కింద కనుచూపుమేర తెల్లగా గడ్డకట్టిన సముద్రం. మనిషన్నవాడు లేడు.

రెయిలింగ్‌కి ఆనుకుని నిలబడ్డాను. మఫ్లర్ జారింది. సర్దుకోలేదు. గాలికి కళ్లు మూసుకున్నాను. మొహం మొదట మండింది, తర్వాత మండటం మానేసింది. హాయిగా ఉంది. ఆ హాయి ఏమిటో నాకు తెలుసు, నా ఉద్యోగమే అది. అయినా కదలబుద్ధి కాలేదు. ఎంతసేపున్నానో తెలీదు.

అప్పుడు ఎవరో నా ఎడమచెంప మీద చెయ్యి పెట్టారు.

గ్లవ్ లేని చెయ్యి. వెచ్చగా ఉంది. రుద్దలేదు. ఆనించి ఉంచారు. సాతో వచ్చాడనుకుని, కళ్లు తెరవకుండానే, "వస్తున్నానయ్యా" అని తెలుగులో అన్నాను. ముప్పై లెక్కపెట్టేంతసేపు ఉండి, ఆ చెయ్యి పోయింది. కళ్లు తెరిస్తే ఎవరూ లేరు.

మంచులో నా అడుగులు తప్ప ఇంకెవరివీ లేవని రాస్తే భలే రక్తికడుతుంది. నిజానికి నా అడుగులు కూడా లేవు. గాలి ఎప్పటికప్పుడు తుడిచేస్తోంది.

వెనక్కి మ్యూజియంలోకి వెళ్లాను. టికెట్ల పెద్దావిడ నన్ను చూసి కెవ్వుమంది. స్టవ్ దగ్గర కూర్చోబెట్టి అద్దం చేతికిచ్చింది. మొహమంతా సున్నం కొట్టినట్టుంది. ఎడమచెంప మీద మాత్రం ఎర్రగా ఒక అరచెయ్యి, అయిదు వేళ్లతో సహా. ఆవిడ రెండు వేళ్లు చూపించి, ఇద్దరా అన్నట్టు అడిగింది. నేను ఒక వేలు చూపించాను. ఆవిడ స్టవ్‌ని నావైపు ఇంకాస్త జరిపింది.

మర్నాడు మొహం ఉబ్బి బొబ్బలెక్కింది. చెయ్యి ఉన్నచోట ఏమీ కాలేదు. సాతో మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ స్కేలు తెచ్చి కొలిచాడు. అరచెయ్యి వెడల్పు డెబ్బై నాలుగు మిల్లీమీటర్లు. నాది ఎనభై తొమ్మిది. బొటనవేలు ముక్కు పక్కన, మిగతా వేళ్లు చెవివైపు ఉన్నాయి. అంటే కుడిచెయ్యి, నాకు ఎదురుగా నిలబడ్డవాళ్లది. సాతో కాగితం మీద నన్నూ రెయిలింగ్‌నీ గీశాడు. ఎదుటి మనిషిని గీయబోయి ఆగిపోయాడు. ఆ మనిషి నిలబడాల్సింది రెయిలింగ్ అవతల, గాల్లో.

ఇంటికొచ్చాక సరళ నా చెంప చూసి మొదటిసారి భాగహారం మానేసింది. తన చెయ్యి పెట్టి చూసింది. సరిపోలేదు. "ముందు మోహన్రావు అన్నయ్యగారికి చూపించండి. ఊరికే చూపించండి, ఏమీ మాట్లాడకండి" అంది.

ఆ సాయంత్రమే వెళ్లాను. మోహన్రావు తలుపు తీసి, వేయబోయి ఆగాడు. నా గడ్డం పట్టుకుని లైటు కిందికి తిప్పాడు. జరిగింది చెప్పాను. ఎంత తక్కువగా చెప్పానంటే నాకే అనుమానం వచ్చింది. అతను తన కుడిచెయ్యి నా చెంప మీద పెట్టాడు. చేటంత చెయ్యి అతనిది. మచ్చ మొత్తం మునిగిపోయింది.

"నాది కాదురా" అన్నాడు.

"నీదేమో అనుకున్నాను."

"మూడేళ్లుగా నీ చెంప మీద చెయ్యి వెయ్యాలనే ఉంది. కానీ నేను వేస్తే చప్పుడొచ్చేది."

నాకు నవ్వు రాలేదు. "ఆ రోజు నేను నీ మొహం చూడలేదురా. తలెత్తకుండానే బాగుందన్నాను" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "ఈ మాటకి మూడేళ్లా?"

తర్వాత లోపలికి చూసి, "ఏమోయ్, రాఘవ వచ్చాడు, కాఫీ పెట్టు" అని కేకేశాడు.

మా డాక్టరు మాత్రం అది మఫ్లర్ మడత చేసిన పని అని తేల్చేశాడు. మోహన్రావు ఇంజినీరు, ఊరుకుంటాడా? "రేపు లంచ్ టైంలో మన చలిగదికి ఆ మఫ్లర్ తీసుకురా" అన్నాడు. నా మొహం మీద ప్రయోగానికి ఒప్పుకోలేదు. రబ్బరు తలకాయలో వేడినీళ్లు పోసి, చెంపలకి టెంపరేచర్ వైర్లు అంటించి, మఫ్లర్‌ని పదకొండు రకాలుగా చుట్టాం. ఇద్దరం కలిసే లోపలికెళ్లాం. చారలొచ్చాయి, పట్టీలొచ్చాయి. వేళ్లు రాలేదు.

మచ్చ ఏప్రిల్‌కల్లా చెరిగిపోయింది. ఇప్పటికీ చలికాలం వస్తే నా మొహం చెక్కలా అయిపోతుంది. ఎడమచెంప మీద అరచెయ్యంత మేర మాత్రం అన్నీ తెలుస్తాయి. ఆ చెయ్యి ఎవరిదో, ఆ పని నేర్చినవాళ్లలాగా రుద్దకుండా ఎందుకు ఆనించి ఉంచారో నాకు తెలీదు.

ఆ పదకొండో ప్రయోగం అయ్యాక మోహన్రావు పట్టిక అంతా నింపి, చివర్లో 'కారణం' అన్న గడి దగ్గర పెన్ను నాకిచ్చాడు. బుర్రలో వంద కథలు కదిలాయి. 'తెలియదు' అని రాశాను. అతను రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టాడు.